వరసకు పెద్దమ్మ, అరకిలో బెండకాయలు

ముందే ఒక మాట. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. ధరలు, వేళలు మార్చలేదు. నలభై ఏళ్ళుగా నా పని ఈ పద్ధతిలోనే నడిచింది. యాత్ర రాసేటప్పుడు మాత్రం ఎందుకు వదలాలి?

సెక్స్ వర్కర్ల మీద జరిగే దౌర్జన్యాలు, వాళ్ళకున్న హక్కులు నా విషయం. యూనివర్సిటీలో ఉన్నన్నాళ్ళూ దాని మీద పాఠం చెప్పాను, రాశాను. రిటైరయ్యాక అదే పని మీద కోర్టుల చుట్టూ, స్టేషన్ల చుట్టూ తిరుగుతున్నాను. వయసు డెబ్భై మూడు. ఊరు అనంతపురం. పెళ్ళి కాలేదు. ఈ మూడు వివరాలూ ఇక్కడే చెప్పడానికి కారణముంది. ప్రయాణం ముగిసేలోపు ఇవే ప్రశ్నలు నన్ను పదకొండుమంది అడిగారు.

గోదావరి జిల్లాలకి రెండు పనుల మీద బయల్దేరాను. నేను ఎవరి మాటలు రాసుకున్నానో వాళ్ళకి అచ్చుకు ముందు చదివి వినిపిస్తాను. వాళ్ళు ఒప్పుకుంటేనే అచ్చు. ఈసారి మాట్లాడినవాళ్ళు పద్నాలుగు మంది. అది మొదటి పని. ఆ పద్నాలుగు మందిలో ఒకామె, నూకరత్నం, ఐదు వారాల కిందట ‘రక్షించబడింది’. అది రెండో పని.

రక్షించడం ఎలా జరిగిందంటే, సాయంత్రం ఆమె కూరగాయలు కొనుక్కుని బస్సు కోసం నిలబడి ఉండగా జీపు వచ్చి ఎక్కించుకుపోయింది. చేతిలో అరకిలో బెండకాయలున్నాయి. నలభై ఒక్కేళ్ళ మనిషి. నన్నెవరూ బంధించలేదు, ఇంటికెళ్ళి పులుసు పెట్టుకోవాలి అని చెప్పింది. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. బెండకాయలు మాత్రం రాసుకున్నారు.

కోర్టు ఆమెను వదలడానికి ఒప్పుకుంది గాని ‘తగిన బంధువుకు అప్పగించవలెను’ అని షరతు పెట్టింది. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. ఆలోగా బంధువు రాకపోతే ఆమెను ఇప్పుడున్న హోము నుంచి ఇంకో జిల్లాలో హోముకు పంపిస్తారు, ఏడాదికి. నేను బంధువుని కాను. వాదించి చూద్దామని బయల్దేరాను. సంచిలో నూట పన్నెండు పేజీల కాగితాలు, కిలో బొరుగులు, నా మాత్రలు ఉన్నాయి.

తాడేపల్లిగూడెం దాటాక

బుధవారం ఉదయం ఆరూ ఇరవైకి తాడేపల్లిగూడెంలో ఒకావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. రెండో నిమిషంలో టిఫిన్ బాక్సు తెరిచింది. మూడో నిమిషానికి అందులో సగం నా చేతిలో ఉంది. దిబ్బరొట్టె. పైన కరకర, లోపల దూది. మా అనంతపురంలో రైలు తిండి అంటే ఎవరిది వాళ్ళు అటు తిరిగి తినడమే. ఇక్కడ అలా తింటే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు.

“మీదే ఊరండి?”

“అనంతపురం.”

“అబ్బో, అంత దూరమే! ఇంటిపేరేంటండి?”

చెప్పాను.

“ఉండండి ఉండండి. ఆ ఇంటిపేరోళ్ళు మా తోటికోడలి పుట్టింటివైపు ఉన్నారండి, పెంటపాడులో. అయితే మీరు నాకు అత్తగారి వరస.”

“ఎలా అవుతానమ్మా? ఆ పెంటపాడు వాళ్ళెవరో నాకు తెలియదు.”

“మీకు తెలియనంత మాత్రాన వరస ఎక్కడికి పోద్దండి?”

దీన్ని వరస కలపడం అంటారు. మా వైపూ ఉంది గాని అక్కడ పెళ్ళి శుభలేఖో, పొలం తగాదానో ఏదో ఒక ఆధారం కావాలి. ఇక్కడ రైలు రెండు స్టేషన్లు దాటితే చాలు. మొదట ఊరు అడుగుతారు. తరవాత ఇంటిపేరు. మూడోది అడగరు, ఆ రెండిటి నుంచీ వాళ్ళే తేల్చుకుంటారు.

“ఇంతకీ ఏ పని మీదండి అత్తయ్యగారూ?”

నేను ఎవరికీ అబద్ధం చెప్పను. హోము సంగతి, నూకరత్నం సంగతి, ఆమె ఏం చేసి బతుకుతుందో కూడా చెప్పాను. ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసింది. నిడదవోలు వచ్చింది.

“పెంటపాడు వాళ్ళది వేరే ఇంటిపేరేమోలెండి,” అంది.

వరస వెనక్కి తీసుకుంది. రొట్టె మాత్రం తీసుకోలేదు. పైగా దిగేముందు ఇంకో ముక్క కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టింది.

రాజమండ్రి

స్టేషను బయట అబ్బులు అనే ఆటో ఆయన దొరికాడు. యాభై ఏళ్ళుంటాయి. ధవళేశ్వరానికి నూట యాభై అన్నాడు. నూట ఇరవై అన్నాను. “అలాగేనండి అమ్మగోరూ,” అని ఎక్కించుకుని, దారిలో ఆపి పెసరట్టు ఉప్మా తినిపించి, నన్ను డబ్బు తియ్యనివ్వలేదు. పెసరట్టు ఉప్మా ధర అరవై. అంటే నేను బేరమాడి అతన్ని ముప్ఫై తగ్గించాను, అతను నాకు అరవై పెట్టాడు. ఈ లెక్క ఏ పద్ధతిలో చేసినా నాకు అర్థం కాలేదు.

ఎక్కడికని అడిగితే చెప్పాను.

“నూకరత్నంగారా! మా ఆవిడకి జాకెట్లు ఆవిడే కుట్టేదండి. చేతి దగ్గర పట్టేయడం అనేది ఉండదు. ఆవిణ్ణి ఎందుకు పట్టుకెళ్ళారండి?”

“రక్షించారు.”

“ఎవర్నుంచండి?”

నేను అందరినీ అడిగే ప్రశ్నల పట్టిక ఒకటుంది, అరవై నాలుగు ప్రశ్నలు; వాటిలో ఇది లేదు. రాసుకున్నాను.

ధవళేశ్వరం: పేర్ల పంచాయితీ

సెక్స్ వర్కర్ల సంఘం గది ఒక జెరాక్సు షాపు పైన ఉంది. ఇరిగేషన్ ఆఫీసుకి వచ్చిపోయే వాళ్ళంతా కింద కాగితాలు తీయించుకుంటుంటారు కాబట్టి మెట్ల మీద ఎవరు ఎక్కినా ఎవరూ పట్టించుకోరు. సంఘం పెద్ద మంగతాయారు, యాభై దాటిన మనిషి. లెక్కలూ ఉత్తరాలూ చూసేది ఎస్తేరు. ఆదివారం చర్చిలో పాడుతుంది, గొంతు బాగుంటుంది. మీటింగు మొదలయ్యేముందు ఎస్తేరు ప్రార్థన చేసింది, మంగతాయారు అగరొత్తి వెలిగించింది, నేను గడియారం చూసుకున్నాను. పదీ నలభై.

మొత్తం పదమూడు మంది వచ్చారు. మూడు గంటల సేపు చదివాను. పోలీసు దెబ్బలు, బెదిరింపులు, డబ్బివ్వకుండా పోయిన పెద్దమనుషులు, ఆసుపత్రిలో విసిరేసిన చీటీలు. ఎవరూ కదలకుండా విన్నారు. ఒక్క వాక్యానికి కూడా అభ్యంతరం రాలేదు. అంతా అయ్యాక మంగతాయారు గొంతు సవరించుకుంది.

“అంతా నిజమేనండి. కానీ ఈ పేర్లేంటండి?”

అసలు పేర్లు బయటపడకూడదు కాబట్టి వరసగా అక్షరమాల ప్రకారం పెట్టాను: అరుణ, ఆదిలక్ష్మి, ఇందిర, ఈశ్వరి… అలా. పొరపాటు జరగడానికి వీల్లేని పద్ధతి.

“నేను ఆదిలక్ష్మి అంటండి. అది మా ఆడపడుచు పేరు. చచ్చినా ఒప్పుకోను,” అంది ఒకామె.

“నాకు ఐరావతి అని పెట్టారు. అంటే ఏనుగే కదండీ?” అంది ఇంకొకామె. ఆమె కొంచెం లావుగా ఉంటుంది. అక్షరమాల నిర్దోషి అని ఎంత చెప్పినా వినలేదు.

అరుణ పేరు కోసం ముగ్గురు పోటీ పడ్డారు. చీటీలు వేశాం. ఓడిన ఇద్దరిలో ఒకామె అలిగి వరండాలోకి పోతే ఎస్తేరు వెళ్ళి, ఎలీషెబ అనే పేరు ఇంకా ఎవరూ తీసుకోలేదని చెప్పి బతిమాలి తీసుకొచ్చింది. పనసపొట్టు కూరతో భోజనాలయ్యాయి. సాయంత్రం నాలుగుంబావుకి పదమూడు పేర్లూ తేలాయి. పద్నాలుగో గడి, నూకరత్నంది, ఖాళీగా ఉండిపోయింది. నేను ఒకటి పెట్టబోతే మంగతాయారు చెయ్యి అడ్డుపెట్టింది.

“ఆవిడ పేరు ఆవిడే చెప్పుకోవాలండి. ముందు ఆవిణ్ణి బయటికి తీసుకురండి. రేపు తుని ఎల్లి తమ్ముణ్ణి అడగండి. వాడు రాకపోతే ఎల్లుండి మీరే పెద్దమ్మనని చెప్పేయండి.”

“చెప్పను. రాతలో అబద్ధం నేనెప్పుడూ పెట్టలేదు.”

“మా పేర్లన్నీ మార్చేశారు కదండీ! అది దేని కిందికి వస్తదండి?”

“అది వేరు. మీ రక్షణ కోసం—”

గదంతా నవ్వింది. అలిగి వచ్చినామె కూడా నవ్వింది. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

తుని

గురువారం. జనరల్ టికెట్టు అరవై అయిదు. కూర్చోవడానికి చోటు దొరికింది, కాళ్ళ దగ్గర ఎవరిదో కోడి దొరికింది. అది సామర్లకోటలో దిగిపోయింది.

నూకరత్నం తమ్ముడు హైవే పక్కన టిఫిన్ సెంటరు నడుపుతున్నాడు. అట్లు తనే వేస్తాడు, గల్లా దగ్గర భార్య. నేను పెనం దగ్గరికే వెళ్ళి చెప్పాను: నూకరత్నం కోసం వచ్చాను, రేపు ఐదులోగా మీరు వచ్చి ఒక సంతకం పెడితే చాలు.

“నాకు అక్కలు లేరండి,” అన్నాడు, అట్టు తిప్పుతూ.

“నూకరత్నం అని—”

“లేరండి. అల్లం పచ్చడి వేయమంటారా?”

తినడానికి కూర్చున్నాక తలెత్తి చూశాను. గల్లా పైన గోడకి ఒక ఫొటో, దానికి బంతిపూల దండ, కింద చిన్న ఎర్ర బల్బు. ఫొటోలో నూకరత్నం. పదిహేనేళ్ళ కిందటి ఫొటో కావచ్చు, కానీ ఆ కనుబొమలు నేను మర్చిపోను. నేను అటు చూడటం గల్లా దగ్గరామె గమనించింది.

“మా ఆడపడుచండి. చిన్న వయసులోనే పోయింది. నేను చూళ్ళేదు గాని దేవతలాంటి మనిషంట. రోజూ నేనే దండ మారుస్తానండి. ఏడాదికోసారి ఆవిడ పేరు మీద పదిమందికి అన్నం పెడతాం.”

“మంచి పని,” అన్నాను. దేవతలాంటి ఆ మనిషి ఆ నిమిషానికి హోములో మధ్యాహ్నం పప్పు కోసం వరసలో నిలబడి ఉంటుంది.

చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్తే అతను వెనకే వచ్చాడు. చేతిలో అట్లకాడ అలాగే ఉంది.

“పెళ్ళి మాటలప్పుడు అక్క ఉందంటే ఏం చేస్తది, ఎక్కడుంటది అని అడుగుతారు కదండీ. పోయిందని చెప్పేశాను. ఇప్పుడు నేనొచ్చి సంతకం పెట్టి బతికిస్తే మా ఆవిడ ఏమవ్వాలండి? పదేళ్ళ నుంచి దండలేస్తంది.”

“మీ అక్క ఏమవ్వాలి?”

అట్లకాడ వైపు చూస్తూ, “ఆవిడకి బీపీ అండి. మాత్రలు అందుతున్నాయో లేదో కనుక్కోండి,” అన్నాడు.

“ఎవరికి?”

“ఆ… ఆవిడెవరో, ఆవిడకే అండి.”

బిల్లు నూట పది అయింది. తీసుకోవద్దని పెనం దగ్గర్నుంచే భార్యకి చెయ్యి ఊపాడు. ఎవరండీ వీళ్ళు అని ఆమె అడిగితే, “చుట్టాలు,” అన్నాడు. ఒక సీసా నిండా అల్లం పచ్చడి కూడా ఇచ్చాడు. అది ఎవరికో చెప్పలేదు, నేనూ అడగలేదు.

హోము

ఊరి పేరు రాయను. రాజమండ్రి నుంచి అబ్బులు ఆటోలో ముప్పావుగంట. శుక్రవారం రెండూ పదికి చేరాం. గేటు లోపల నందివర్ధనం మొక్కలు, వాటికి కంచె, ఆ కంచెకి తాళం. సూపరింటెండెంటుగారు నలభై అయిదేళ్ళ మనిషి, ఎంతో మర్యాదస్తురాలు. మా ఊళ్ళో ఆఫీసులో కాదనాలంటే ఒక్క ముక్కతో కాదంటారు, మనం ఒక్క ముక్కతో పోట్లాడతాం. ఇక్కడ ముందు కుర్చీ వేశారు, ఫ్యాను ఇటు తిప్పారు, కాఫీ, బిస్కెట్లు వచ్చాయి.

“మీలాంటి పెద్దవారు ఇంత దూరం రావడం మా అదృష్టమండి. మీ పని చాలా మంచిదండి. కానీ ఏం చేయమంటారండి, రూలు రూలేనండి. బంధువులకి తప్ప ఇవ్వడం కుదరదండి. బిస్కెట్టు తీసుకోండి.”

మొత్తం నిరాకరణలో ఐదు ‘అండి’లు లెక్కపెట్టాను. నా నూట పన్నెండు పేజీలూ తీసి వాదించాను. ఆమె ప్రతి పేజీకీ తల ఊపింది. గంటంబావు గడిచింది. కాఫీ రెండోసారి వచ్చింది.

నూకరత్నాన్ని చూడనిమ్మన్నాను. చూడటానికి రూలు అడ్డు రాదట. పక్క గదిలో ఆరుగురికి కుట్టుపని నేర్పుతున్నారు. నేర్చుకునేవాళ్ళలో నూకరత్నం ఒకతి. తొమ్మిదేళ్ళుగా కుట్టుమిషను మీద సగం బతుకు నడిపిన మనిషి. నేర్పే పిల్లకి చంకముక్క కత్తిరించడం రాక తడబడుతుంటే కత్తెర తీసుకుని చూపిస్తోంది. రిజిస్టరులో మాత్రం ఆమె పేరు పక్కన ‘నేర్చుకొనుటలో పురోగతి ఉంది’ అని రాసి ఉంది.

నన్ను చూసి, “వచ్చారా అండి,” అంది అంతే. వచ్చి గోడ పక్కన నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

మూడూ నలభైకి సూపరింటెండెంటుగారు ఫైలు మూసి, మర్యాదకి మాట కలిపింది.

“మీదే ఊరన్నారండి? అనంతపురమా. ఇటువైపు ఎవరూ లేరా అండి మీకు?”

“చెల్లెల్ని తణుకిచ్చారు.”

“తణుకే! ఎవరింట్లోనండి?”

చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది. చెల్లెలి తోటికోడలు ఎవరి అమ్మాయి, ఆ అమ్మాయి మేనత్తని ఉండ్రాజవరంలో ఎవరికిచ్చారు, వాళ్ళ రెండో అబ్బాయి ఏ బ్యాంకులో చేసేవాడు. నాకు సగం తెలియదు. తెలియని సగం ఆమే చెప్పుకుంది. నాలుగు నిమిషాల్లో గోదావరి అటూ ఇటూ కలిసిపోయింది.

“అయితే మీరు నాకు పెద్దమ్మగారండి!” అని లేచి వచ్చి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. గుమాస్తాని పిలిచి, “పెద్దమ్మగారికి మజ్జిగ తీసుకురండి, ఇందాకణ్ణుంచి కాఫీలు పోసి చంపేస్తున్నాం,” అంది.

మజ్జిగ వచ్చేలోగా నేను అడిగాను.

“నేను నీకు పెద్దమ్మనని ఏ కాగితంలో ఉందమ్మా?”

“కాగితమేంటండి పెద్దమ్మా, వరస.”

“దీనికి రుజువు?”

“మనం అనుకున్నాం కదండీ. అంతకన్నా ఏం కావాలి?”

“అయితే ఆమెకి నేను వరస కావడానికీ కాగితం అక్కర్లేదు.”

సూపరింటెండెంటుగారు గోడ పక్కనున్న నూకరత్నం వైపు చూసింది. “అది ఎలా కుదురుద్దండి? మనమూ వాళ్ళూ…” అని ఆగింది. రైల్లో ఎవరూ అడగని మూడో ప్రశ్న వచ్చి ఆ గదిలో కూర్చుంది. మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమాస్తా గుమ్మంలో నిలబడిపోయాడు.

అప్పుడు నూకరత్నం మాట్లాడింది. గొంతు పెంచలేదు.

“ఈవిడ నన్ను అరవై నాలుగు ప్రశ్నలు అడిగారండి, రెండు రోజులు కూర్చుని. నాకు చిన్నప్పుడు ఏ జబ్బు చేసిందో, ఎవరు కొడితే ఎంత సేపు ఏడ్చానో అన్నీ అడిగి రాసుకున్నారు. మా అమ్మ బతికుండగా అన్ని అడగలేదండి. మా తమ్ముడు ఒక్కటీ అడగలేదు. ఇంతకన్నా చుట్టం ఎవరుంటారో మీరే చెప్పండి మేడంగారూ.”

సూపరింటెండెంటుగారు నా వైపు తిరిగింది. ఆఫీసు గొంతు పెట్టింది గాని అంత గట్టిగా రాలేదు.

“సరేనండి, విచారణ చేయాలి కదా. ఈవిడ తల్లిగారి పేరేంటండి?”

నాకు చెప్పినవి చెప్పినవాళ్ళ సొత్తు. నూకరత్నం వైపు చూశాను. తల ఊపింది.

“గంగమ్మ. చేపల గంప మోసేది. ఇరవై రెండేళ్ళ కిందట పోయింది.”

“చిన్నప్పుడు చేసిన జబ్బు?”

“ఆరో ఏట అమ్మవారు పోసింది. ఎడమ మోచేతి కింద మూడు మచ్చలు.”

నూకరత్నం చెయ్యి తిప్పి చూపించింది. సూపరింటెండెంటుగారు వంగి లెక్కపెట్టింది. మూడు.

“ఇష్టమైన కూర?”

తడబడ్డాను. “అది నా పట్టికలో లేదు.”

“బెండకాయ పులుసండి,” అంది నూకరత్నం. “పెద్దావిడ కదండీ, మర్చిపోతారు.”

సూపరింటెండెంటుగారు ఫారం నా ముందుకి తోసింది. ‘బంధుత్వము’ అన్న గడి ఉంది. నేను పెన్ను తీశాను గాని రాయలేకపోయాను. పెద్దమ్మని కాను. గడియారం నాలుగూ పది చూపిస్తోంది.

“ఏంటండి ఆలోచన?”

“అబద్ధం రాయలేనమ్మా.”

“ముందు ‘వరసకు’ అని చేర్చండి పోనీ,” అంది ఆమె విసుగ్గా. “మా ఇళ్ళల్లో సగం చుట్టరికాలు అవేనండి. వాటిని ఎవరైనా అబద్ధం అంటే ఊరుకుంటామా?”

‘వరసకు పెద్దమ్మ’ అని రాశాను. మళ్ళీ చదువుకున్నాను. తప్పు కనపడలేదు. సంతకం పెట్టాను.

అరకిలో

అయిపోయిందనుకున్నాను. గుమాస్తా ఆస్తుల రిజిస్టరు తెచ్చాడు.

“ఈవిడ దగ్గర స్వాధీనం చేసుకున్నవి తిరిగి ఇచ్చి సంతకం తీసుకోవాలండి. చేతి సంచి ఒకటి, సెల్‌ఫోను ఒకటి, బెండకాయలు అర కిలో.”

“బెండకాయలు ఐదు వారాల కిందటివి.”

“కుళ్ళిపోయినయ్యండి. పారేశాం.”

“అయితే కుళ్ళినవని రాయండి.”

“ఆ కాలమ్ లేదండి. ‘ఇచ్చినది’, ‘ఇవ్వనిది’ రెండే ఉన్నయ్. ఇవ్వనిది అని రాస్తే మనిషిని పంపడానికి లేదండి.”

“నాకొద్దండి, వదిలేశాను,” అంది నూకరత్నం.

“వదిలేయడం అనే కాలమ్ కూడా లేదమ్మా.”

కోపం తెచ్చుకోవాల్సింది. కానీ నా వయసంతా రిజిస్టర్లతోనే గడిచింది, అతని బాధ నాకు అర్థమైంది. బయట ఆటోలో పడుకున్న అబ్బుల్ని లేపి బెండకాయలకి పంపాను. నాలుగూ ఇరవై రెండు. ఆ ఊళ్ళో కూరగాయల సంత ఉదయం పూటే. ముప్ఫై మందిమీ వరండాలో నిలబడి గేటు వైపు చూశాం: కుట్టుపని వాళ్ళు, వంటావిడ, వాచ్‌మన్, సూపరింటెండెంటుగారు.

నాలుగూ నలభై ఒకటికి అబ్బులు వచ్చాడు. ఎవరి పెరట్లోనో కోయించాడట. “డబ్బు తీసుకోలేదండి. ఎవరికని అడిగితే చెప్పాను. ఆవిడకీ నూకరత్నంగారే కుట్టారంట.”

వంటింటి కాటా తెచ్చి తూచారు. ఐదువందల ముప్ఫై గ్రాములు.

“అర కిలోయే రాసుందండి,” అన్నాడు గుమాస్తా. రెండు కాయలు తీసేశాడు. నాలుగువందల ఎనభై అయిదు. ఒకటి మళ్ళీ వేశాడు. ఐదువందల ఎనిమిది. కాయని విరుద్దామా అన్నాడు. వంటావిడ కత్తిపీట తెచ్చి ముచ్చిక కోసింది. సరిగ్గా ఐదువందలు. మిగిలిన కాయ ఎవరి ఖాతాలో వేయాలో తెలియక గుమాస్తా దాన్ని చేతిలో పట్టుకుని నిలబడితే, అబ్బులు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నూకరత్నం రిజిస్టరులో సంతకం పెట్టేసరికి నాలుగూ యాభై ఆరు. సూపరింటెండెంటుగారు గేటు దాకా వచ్చింది. నాకూ నూకరత్నానికీ ఇద్దరికీ బొట్టు పెట్టి, చెరో జాకెట్టు ముక్కా చేతిలో పెట్టింది. నూకరత్నానికి పెట్టేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది. ఆగినా పెట్టింది.

పద్నాలుగో గడి

ఆ రాత్రి జెరాక్సు షాపు పైన గదిలో బెండకాయ పులుసు. తుని నుంచి వచ్చిన అల్లం పచ్చడి పక్కన పెట్టాను. నూకరత్నం వేలితో కొంచెం నాకి, “వాడు ఇంకా బెల్లం ఎక్కువే వేస్తన్నాడు,” అంది. ఫొటో సంగతి దాచకుండా చెప్పాను.

“దండ ప్లాస్టిక్కా అండి, పూలా?”

“పూలు. మీ మరదలు రోజూ మారుస్తుందట.”

“అయితే ఉండనివ్వండి,” అంది. “బతికున్నప్పుడు ఎవరు వేస్తారు?”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, అన్నం కలుపుకుంది.

తిన్నాక ఆమె చెప్పిన ఏడు పేజీలూ చదివి వినిపించాను. అందులో అంతకుముందోసారి పట్టుకెళ్ళి స్టేషనులో కొట్టిన దెబ్బలున్నాయి, ఎవరు కొట్టారో ఉంది. ఒక్కచోట ఆపింది.

“చెంపదెబ్బలు మూడని రాశారండి. నాలుగు. ఒకటి జీపులో ఎక్కేటప్పుడే.”

దిద్దాను. నలభై ఏళ్ళలో నా అంకె ఒకరు దిద్దడం అదే మొదటిసారి.

“ఇక మీ పేరు చెప్పాలి,” అన్నాను. “ఏం పెట్టమంటారు?”

“మీ పేరేంటండి?”

“విశాలాక్షి.”

“అది పెట్టండి.”

అలా కుదరదని, ఈ పనితో సంబంధమున్న వాళ్ళ పేర్లు పెట్టకూడదని, నా నియమాల్లో అది రెండోదని వివరించాను. ఆమె చివరిదాకా విని, మంగతాయారు వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది.

“పెద్దమ్మ పేరు పెట్టుకోవడం మా ఇళ్ళల్లో ఉందండి. పైగా నూకరత్నాన్ని కొట్టారంటే ఎవరైనా పేజీ తిప్పేస్తారు. విశాలాక్షిగార్ని కొట్టారంటే కాసేపు ఆగుతారు కదండీ.”

ఖాళీ గడిలో నా పేరు రాశాను.

అనంతపురం తిరిగొచ్చాక కాగితాలు అచ్చుకిచ్చాను. వారానికి ప్రెస్సు ఆయన ఫోను చేశాడు. “మేడం, నాలుగో అధ్యాయంలో చెంపదెబ్బలు తిన్నామెకి మీ పేరు పడింది. పొరపాటా, లేక అది మీరేనా?”

“వరసకు,” అన్నాను.